తాళం వేసిన సర్వర్ గది

అధ్యక్ష స్థానంలో ఉన్న మా సంస్థ డైరెక్టరు అచ్యుతరావు గారికీ, నా పక్క గదిలో ఏడేళ్ళుగా జావా చెబుతున్న రవికాంత్ గారికీ, ముందు వరుసల్లో కూర్చున్న పాత విద్యార్థులకీ, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డ కొత్త విద్యార్థులకీ ఈ వీడ్కోలు సభలో జీవానందం నమస్కారాలు. కుర్చీల సంగతి చివర్లో చూద్దాం. నిలబడ్డవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నా గురించి అధ్యక్షుల వారు చాలా మంచి మాటలు చెప్పారు. నాకు ఇరవై అయిదేళ్ళ యూనిక్స్ అనుభవం ఉందన్నారు. ఏడేళ్ళ క్రితం కింద మన సంస్థ బోర్డు మీద కూడా ఇరవై అయిదే ఉండేది. ఆయన దగ్గర పనిచేసిన కాలాన్ని అనుభవంగా పరిగణించలేదని అర్థమైంది. (నవ్వులు) శాలువా కప్పారు, కృతజ్ఞుణ్ణి. నిరుడు ఒరాకిల్ మాస్టారికి కప్పింది ఇదేనని రవికాంత్ గారు చెవిలో చెప్పారు. ఇన్నేళ్ళలో ఆయన నాతో ముఖాముఖి చెప్పిన మాట అదొక్కటే. మిగతావన్నీ నా వెనకే అనేవారు. 'నల్లతెర తాత' అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు నాకు నచ్చిందని ఆయనకి తెలియదు పాపం.

ఎందుకు నచ్చిందో చెప్పాలంటే రెండువేల సంవత్సరానికి వెళ్ళాలి. అప్పటికి నేను ఒక ప్రభుత్వ కర్మాగారంలో కంప్యూటర్ల విభాగం నుంచి ముందుగానే పదవీ విరమణ తీసుకుని, ఎర్రగడ్డలో అద్దె ఇంట్లో ఉంటూ, ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటూ, లోకం మీద కోపాన్ని చక్కటి భాషలో పెట్టుకునే పనిలో ఉన్నాను. అమీర్‌పేటలో ఆ రోజుల్లో నేల కనబడేది కాదు, కంప్యూటర్ కోర్సుల కరపత్రాలే. వాటి మీద నడుచుకుంటూ ఈ మూడో అంతస్తుకి వస్తే, అచ్యుతరావు గారు కాఫీ ఇచ్చి, "మాస్టారూ, యూనిక్స్ చెప్పాలి. నలభై అయిదు రోజులు, బ్యాచికి ఎనభై మంది" అన్నారు.

"యూనిక్స్ నడిచే యంత్రం ఏదండీ?" అన్నాను.

"విండోస్ మెషీన్లు ఇరవై ఉన్నాయిగా. పెద్దవారు మీరు, ఏదో ఒకటి చెయ్యండి!"

చేశాను. విండోస్ లోపలే ఉండి యూనిక్స్ ఆజ్ఞలకి బదులు పలికే ప్రోగ్రాం ఒకటుంది, సిగ్విన్ అని. దాన్ని టెలిఫోను లైను మీద దించుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. రిసెప్షన్‌లో ఎవరు ఫోనెత్తినా తెగిపోయేది, మళ్ళీ మొదటికే. అది ఏ ఫోల్డరులో ఉండాలో, ఆజ్ఞల కోసం ఎక్కడెక్కడ వెతకాలో, ఎవరెవరికి ఏ పేరుతో చోటివ్వాలో ఒక్కొక్కటే చెప్పుకుంటూ కూర్చున్నాను. పదో రోజు మధ్యాహ్నం నీలం తెర మధ్యలో చిన్న నల్ల కిటికీ తెరుచుకుంది. అందులో ఒక డాలరు గుర్తు, దాని పక్కన ఊపిరి తీసుకుంటున్నట్టు ఒక గీత. నేనెక్కడున్నానని అడిగే ఆజ్ఞ ఒకటుంటుంది, మూడక్షరాలు. కొట్టాను. స్లాష్ హోమ్ స్లాష్ జీవానందం అని జవాబొచ్చింది. అద్దె ఇళ్ళలో ముసలివాడినైన నాకు నా పేరుతో ఒక ఇల్లుందని చెప్పింది ఈ లోకంలో అదొక్కటే.

ఆ తరవాత ఏడేళ్ళూ నాకు ఒక పొడుగాటి మధ్యాహ్నంలాగే గడిచాయి. బయట పంజాగుట్ట రోడ్డు మీద బస్సులు ఒకదాన్నొకటి తిట్టుకుంటుంటే, లోపల ఇరవై నీలి తెరల మీద ఇరవై నల్ల కిటికీలు తెరుచుకునేవి, గది మొత్తం భవనం నుంచి విడిపోయి, బ్యానర్లూ తీగలూ దాటుకుని మెల్లగా ఎక్కడికో తేలిపోతున్నట్టుండేది. ఇంటికి నడిచి వెళుతుంటే ఒక్కో భవనం ఒక్కో డైరెక్టరీలా, అంటే యూనిక్స్ ఫోల్డరులా కనబడేది. భవనంలో అంతస్తులు, అంతస్తులో గదులు, గదిలో నోట్సు రాసుకునే ఒక తల. అందరి పేర్లూ వరసగా చూపించమని మనసులోనే ఆజ్ఞ కొట్టుకునేవాణ్ణి.

అయితే కింద బోర్డు మీద 'అసలైన యూనిక్స్ సర్వర్ మీద శిక్షణ' అని ఉండేది. ఆ సర్వర్ ఇదిగో, ఈ కుడివైపు తాళం వేసిన గదిలో ఉందని చెప్పేవారు. తలుపు మీద 'చెప్పులు విడిచి రావలెను' అని రాయించారు. లోపలికి ఎవర్నీ రానివ్వకపోయినా పిల్లలు తలుపు ముందు చెప్పులు విడిచేవారు. ఒకరిద్దరు దణ్ణం పెట్టుకోవడం కూడా చూశాను. మా అటెండరు నర్సింహులుని అడిగితే, "సర్వర్ పండుకున్నది, జర లొల్లి చెయ్యకుండ్రి" అనేవాడు. (నవ్వులు)

నేనూ నవ్వేవాణ్ణి. నవ్వి, నోట్సు చెప్పేవాణ్ణి. మన అమీర్‌పేట పద్ధతి మీకు తెలిసిందే, మాస్టారు చెబుతారు, పిల్లలు రాస్తారు, సాయంత్రానికి అది జిరాక్స్ కొట్టులో 'మెటీరియల్' అయిపోతుంది. హార్డ్ డిస్క్‌లోకి వెళ్ళాలంటే స్లాష్ సిగ్‌డ్రైవ్ స్లాష్ సి అని కొట్టాలి, రాసుకోండి అన్నాను. రాసుకున్నారు. ఆ దారి విండోస్ లోపల పెట్టిన నా కిటికీలో తప్ప అసలు యూనిక్స్ యంత్రాల్లో ఉండదు. ఆ మాట చెప్పాలంటే ఇక్కడ అసలు యంత్రం లేదని చెప్పాలి. చెప్పలేదు.

(అధ్యక్షులు గడియారం చూపించారు.) చూశానండీ. ఏడేళ్ళుగా అదే చూశాను.

రెండువేల ఒకటిలో బోరబండ నుంచి ఒకమ్మాయి వచ్చేది, ఉదయలక్ష్మి. తండ్రి తాపీమేస్త్రీ. అందరూ చేతిలో లేని అనుభవాన్ని బయోడేటాలో రాసుకుంటుంటే, ఈమె రాయనంది. "నేర్చుకున్నది చెప్తే చాలదా సార్?" అంది. పంజాగుట్టలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళింది. సర్వర్ మీద డిస్కులు ఎలా చూస్తావని అడిగారు. నేను రాయించిన సిగ్‌డ్రైవ్ మాటే నా గొంతుతో సహా అప్పజెప్పింది. అడిగినాయన నవ్వి, పక్క గదిలోంచి ఇంకో ఇద్దర్ని పిలిచి, "అమ్మా, మళ్ళీ చెప్పు" అన్నాడట. మళ్ళీ చెప్పింది. తప్పని తెలియదు కదా.

అక్కడి నుంచి నేరుగా ఈ గదికొచ్చింది. ఏడవలేదు. "సార్, లోపల సర్వర్ ఉన్నదా, లేదా?" అంది.

"ఉందమ్మా" అన్నాను.

డైరెక్టరు గారికి భయపడి అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలిక, అలవాటైన పని. నిజం అది కాదు. జీవితంలో నేను కట్టిన ఒకే ఒక్క అందమైన వస్తువు ఆ నల్ల కిటికీ. అది ఉత్త కిటికీయే, వెనక ఇల్లు లేదని నా నోటితో అనలేకపోయాను. దానికోసం ఒక పిల్ల ముఖం మీదే అబద్ధమాడాను. ఈ సభకి నేనుగా పిలిచింది ఆమెనొక్కదాన్నే. మూడో వరసలో కూర్చుంది. ఉదయలక్ష్మీ, సర్వర్ లేదమ్మా. ఏనాడూ లేదు.

(మూడో వరస నుంచి ఉదయలక్ష్మి లేచి: "తెలుసు సార్. ఆరోజే నర్సింహులన్న తలుపు తీసి చూపించిండు. తెలిసే మిమ్మల్ని అడిగిన. మీరేం చెప్తారో అని.")



కూర్చో తల్లీ. అవునా... సరే. ఇప్పుడు కంపెనీలో నువ్వే ఇంటర్వ్యూలు చేస్తున్నావని విన్నాను. నా నోట్సు అప్పజెప్పే పిల్లలు నీ దగ్గరికీ వస్తుంటారేమో.

("వస్తరు సార్. అమీర్‌పేటనా అని అడుగుత. మంచినీళ్ళిచ్చి ఇంకో ప్రశ్న అడుగుత.")

నేను మాట్లాడాల్సింది ఇంకా రెండు కాగితాలుంది. అందులో అచ్యుతరావు గారి గురించి ఒకటిన్నర, రవికాంత్ గారి గురించి అర. బాగా రాశాను. కానీ చదవను. జీతం ఇచ్చినందుకు అచ్యుతరావు గారికీ, పేరు పెట్టినందుకు రవికాంత్ గారికీ, నాకంటే ముందే ఆ తలుపు తీసినందుకు నర్సింహులుకీ ధన్యవాదాలు.

నర్సింహులూ, తాళంచెవి ఉందా?

("ఉన్నది సార్. పెద్దసార్‌ను అడగాల్నా?")

అక్కర్లేదు, తియ్యి. పిల్లలూ, అందులో ఉన్నవి నలభై కుర్చీలే. రవికాంత్ గారు ఇంకా మాట్లాడాలి, ఆయన త్వరగా వదలరు. చెప్పులతోనే వెళ్ళండి, తలా ఒకటి తెచ్చుకోండి. మీరందరూ కూర్చున్నాక నేను కదులుతాను.

సెలవు.