జక్కయ్య సాక్ష్యం

బొల్లాపల్లి దగ్గర ఒక పల్లె. మిట్టమధ్యాహ్నం. లోపలి గదిలో మనవరాలు కెజియా జ్వరంతో పడి ఉంది. వీధి తలుపుకు తాళం వేసి, అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు సంఘపెద్ద జక్కయ్య. ఎదురుగా భార్య జ్ఞానమ్మ.

“తాళంచెవి ఇయ్యయ్యా. రసూల్ ఆటో బయటే ఆపుకోనున్నాడు.”

“పంపించెయ్ అతన్ని.”

“పిల్ల కళ్ళు తెరవడంలా. పొద్దున నీళ్ళు తాగిస్తే కక్కుకుంది.”

“నూనె రాసి ప్రార్థన చేశాగా.”

“నిన్నా చేశావు, మొన్నా చేశావు. దిగలా.”

“దిగుద్ది. ఆయన టైం ఆయనకుంటది.”

“కోడలు హెప్సిబా మంచంకోడు పట్టుకోని కూకుంది. ఏమీ అనట్లేదని ధైర్యంగా ఉండబాక. అది ఏడిస్తే నాకు భయంలేదు. ఏడవట్లేదయ్యా.”

“బెంజిమిన్ ఏమన్నాడు?”

“నీ కొడుకా? లారీ ఒడిసా దాటిందంట. నాన్న ఎట్టా చెబితే అట్టా అన్నాడు. చిన్నప్పటినుంచీ వాడికొచ్చింది ఆ ఒక్క ముక్కే.”

“చూశావా మరి.”

“ఏం చూడాల? లోపలికొచ్చి పిల్లని నువ్వు చూడు. పొద్దున్నుంచీ గడప దాటి రాలా.”

“వస్తే ఆసుపత్రికి పంపించేస్తానే. అందుకే రాలా. నాకు మాత్రం ప్రాణం లాగదా? ఇందాక ఆటో చప్పుడు వినపడగానే చెయ్యి జేబులోకి పోయింది. అదేనే శోధనంటే. మంచి మొహం పెట్టుకోనే వస్తది.”

“వచ్చింది రసూల్ గదయ్యా. తినే కంచం ముందునుంచి లేచొచ్చాడు పాపం.”

“బాప్తిస్మం నాడు కాలవలో నడుములోతు నిలబడి, మందూమాత్రా ముట్టనని మాటిచ్చా. తప్పానా? షుగరుందన్నారు, పుండు కుళ్ళిందన్నారు, మందులు వాడకపోతే కాలు తీసెయ్యాలన్నారు పేట ఆసుపత్రిలో. సంచీ పట్టుకోని ఇంటికొచ్చేశా. ఈ కాలు ఎవరు నిలబెట్టారు, చెప్పు. చెప్పవేందే? ఏ కూటంలో లేచినా ఈ కాలే చూపించి సాక్ష్యం చెప్పా. క్రోసూరోళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. నా మాట నమ్మి మందులు మానేసినోళ్ళున్నారు. ఇయ్యాల నా మనవరాల్ని ఆసుపత్రికి పంపితే వాళ్ళ మొహం ఎట్టా చూడను?”

“మానేసినోళ్ళు ఉన్నారా?”

“చానామంది.”

“అయ్యో తండ్రీ.”

“నన్ను నిలబెట్టినోడు దాన్ని పడనిస్తాడా?”

“ఆ మాట అనబాకయ్యా. అదొక్కటి అనబాక.”

“ఎందుకనగూడదు?”

“నీ కాలు… నీ కాలుకి నేను మాత్రలు పెట్టా.”

“ఏందీ?”

“డాక్టరు చెప్పినయ్యే. వినుకొండ పోయినప్పుడల్లా తెచ్చేదాన్ని. పుండు మానేవి, షుగరువి. నూరి మజ్జిగలో కలిపేదాన్ని. చేదుగా ఉందేందే అని నువ్వంటే కాకరాకు వేశానన్నా. షుగరువి ఇప్పటికీ కలుపుతున్నా. పొద్దున తాగింది కూడా అదే.”

“అబద్ధం. పిల్లకోసం అబద్ధమాడుతున్నావు.”

“బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి చూసుకో, అడుగునుంటయ్యి. దేవుడి భయం లేక కాదు. ప్రభువు బల్లకాడ రొట్టె అందుకునేప్పుడల్లా నరకానికి పోతానని భయం. నువ్వు చచ్చిపోతావని అంతకన్నా భయం.”

“జ్ఞానమ్మా.”

“ఊఁ.”

“తెల్లార్లూ మోకాళ్ళమీదుండి ఏడ్చానే. కాలు తియ్యొద్దు తండ్రీ, నడవనియ్యి అని. మరి ఆ ప్రార్థన ఎవరు విన్నట్టు?”

“నేను విన్నా. గోడకివతల పడుకోని అంతా విన్నా. తాళంచెవి ఇయ్యి.”