రాజుకోని పొయ్యి

మాచా ఊరి చర్చి ముందు, ఏటా జరిగే పిడిగుద్దుల జాతర బరిలో అప్పటికే ఇద్దరి పళ్లు రాలాయి. తోలు టోపీ బిగించుకుంటున్న మొగుడి పక్కన ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

“ఆ పక్కూరి కొండోరిగాడు మా అన్న దవడ విరగ్గొట్టాడు. వాణ్ని వదలను.”

“డాక్టరమ్మ ఏమందో మరిచావా? నీ గుండె పొయ్యిలాంటిదట. కొవ్వూ చక్కెరా కట్టెల్లా బోలెడున్నా, వాటిని మండించుకునే సత్తువ దానికి లేదట.”

“మొక్కజొన్న కల్లు పోస్తే అదే రాజుకుంటుంది.”

“నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవాడివి. రెండో దెబ్బకి నీ పొయ్యి ఆరిపోతుంది.”

“ఆరనీ! ఈ ఏడు మనింటి నెత్తురు భూమితల్లి మీద పడకపోతే బంగాళాదుంపలు పండుతాయా?”

“అంటే, నెత్తురు పడితే చాలా?”

“చాలు.”

“కొండోరే కొట్టాలని లేదుగా?”

“ఎవడు కొడితేనేమే? తల్లికి కావలసింది నెత్తురు గానీ...”

మిగతా మాట ఆమె పిడికిలి కింద నలిగిపోయింది. అతని ముక్కు పగిలి, నెత్తురు ధారకట్టి మట్టిలో ఇంకింది.

“తల్లి తాగేసింది. ఇంటికి నడు.”

“ఓసి రాక్షసీ! కొండోరి కూడా ఇంత గట్టిగా కొట్టడే!”

“నా పొయ్యి బాగానే మండుతోంది మరి.”