బండ లేదు

వాన వెలిసిన పొద్దున బొల్లారం రోడ్డు పక్క, మోరీ కాలువ మీద బండలు పరిచిన ఫుట్‌పాత్ పిక్కల లోతు నీళ్లలో మునిగి ఉంది. ఫస్టు షిఫ్టు బస్సు కోసం మామ ముందు, మేనకోడలు వెనక నడుస్తున్నారు.

"రోడ్డు మీదికెల్లి పోదాం, మామా."

"లారీ కింద పడ్తవా? నేను పెట్టిన కాడనే కాలు పెట్టు, కోడలా. బండ ఉంటే 'ఉన్నది' అంట, లేకుంటే 'లేదు' అంట. నా మాట ఇనంగనే నువ్వు 'ఇన్న' అనాలె."

"నిన్న గిట్లనే లేదని ఒర్లి నన్ను రోడ్డు మీదికి దుంకించినవ్. అందరు నవ్విన్రు."

"కప్ప లెక్క దుంకితే నవ్వరా మరి!"

"బండ లేదు."

"మల్ల షురూ చేసినవా?"

"నేనన్లే, బిడ్డా. ముంగటికెల్లి ఇనొచ్చింది."

"ముంగట ఎవ్వరు లేరు. నోటి మీద చెయ్యి పెట్టుకో, చూస్త."

"బండ లేదు."

"మామా... నీ చెయ్యి నోటి మీదనే ఉన్నది."

"జెర నీ గొడుగు నా ముంగట నీళ్లల్ల దింపు."

"అమ్మో! మొత్తం దిగింది. అడుగు అందుతలేదు."

"గది నాతోని షిఫ్టుకొచ్చే సంగయ్య గొంతు. పోయిన వానకాలం నా ఎనకనే నడిచిండు. రోజు ఉత్తగ 'లేదు, లేదు' అని ఆటపట్టిస్తుంటి. ఆ దినం నిజంగ లేదన్న. నవ్వుకుంట కాలు పెట్టిండు, మోరీల కొట్టుకపోయిండు."

"ఇగ ఏం చేద్దాం?"

"జవాబియ్యాలె. ఇన్న, సంగన్నా!"

"మామా, ముంగట నీళ్లల్ల ఎవరో నడిచినట్టు చప్పుడైతున్నది."

"గోడ పక్కకు బండ ఉన్నది."

"నువ్వాగు, బిడ్డా. సంగన్న నిజం చెప్తుండో, నా లెక్కనే ఆటపట్టిస్తుండో. ముందు నేను పెడ్త కాలు."