హైమావతి మేడం ఇచ్చిన ఇంగ్లీషు మాట

సభకు పెద్దగా కూసున్న హెడ్‌మాస్టర్ సూర్యారావు సార్‌కు, మా కంపెనీ మేనేజర్ శ్రీధర్ సార్‌కు, పటాన్‌చెరు బడి టీచర్లకు, ఆదివారం క్లాసుల నాతోని చదువుకున్న అక్కలకు, అన్నలకు, అందరికన్న ముందు ఇయ్యాల రిటైర్ అయితున్న మా హైమావతి మేడంకు నమస్కారం. నా పేరు కమల. మందుల కంపెనీల ప్యాకింగ్ లైన్ చూస్త. మైకు పట్టుడు ఇదే మొదలు, అయినా జెర ఎక్కువనే మాట్లాడ్త, సూర్యారావు సార్ గడియారం చూడొద్దు. (నవ్వులు)

మేడం వాళ్ల నాయన తెనాలి దిక్కుకెళ్లి ఇక్కడ ఫ్యాక్టరీ కొలువుకొచ్చిండ్రంట. మేడం మాత్రం ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకుంటనే ఉండిపోయిండ్రు. ఆదివారం పూట మా అసోంటి పనోళ్లకు సుత ఇదే హాల్ల క్లాసు పెట్టిండ్రు. వారానికొక్క కొత్త మాట. దాన్ని వాక్యంల పెట్టాలె, ఆ వాక్యం పుస్తకంలది కావొద్దు, మన బతుకుల నిజమై ఉండాలె.

ఒకసారి "రిలక్టెంట్" అని ఇచ్చిండ్రు. చెయ్యనని కాదు, చేస్త గాని మనసు ఎనకకు గుంజుతది, గదీ అర్థం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సంగప్పన్న లేచి, "మై బైక్ ఈజ్ రిలక్టెంట్ ఇన్ వింటర్" అన్నడు. "నీ బండికి మనసుందని రుజువు చెయ్యి సంగప్పా, మార్కులేస్తాను" అన్నరు మేడం. (నవ్వులు) సంగప్పన్న ఆడ కూసోని ఆయనే నవ్వుతున్నడు చూడుండ్రి.

నా వంతొచ్చింది. "ఐ యామ్ రిలక్టెంట్ టు డూ సెకండ్ షిఫ్ట్" అన్న. ఎందుకని అడిగిండ్రు. రాత్రి షిఫ్టు ఇడిచినంక బస్సుండదు, మేం ఉండే ముత్తంగి దాంక లారీల నడుమ ఆడోళ్లం నడుసుకుంట పోతం అని చెప్పిన. మేడం నా వాక్యం బోర్డు మీద రాసిండ్రు. "వాక్యం సరిగ్గా ఉంది కమలా. వినాల్సినవాళ్లు ఇక్కడ లేరు, అంతే" అన్నరు.

గా మాట నన్ను ఇడువలే.

కొన్నాళ్లకు మా మందులు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒకామె తనిఖీకొచ్చింది. సెకండ్ షిఫ్టుకు ఆడోళ్లు ఇష్టపడే వస్తున్నరా అని ఇంగ్లీషుల అడిగింది. శ్రీధర్ సార్ "ఆల్ ఆర్ విల్లింగ్" అన్నరు. సార్ అబద్ధం చెప్పలే, మేం రోజూ వస్తనే ఉంటిమి గద. ఆమె నా దిక్కు చూసింది. నేను చెప్పిన: "వి ఆర్ రిలక్టెంట్, మేడం. నాట్ అన్‌విల్లింగ్. దేర్ ఈజ్ నో బస్."

తెల్లారి సార్ పిలిచిండ్రు. కొలువు పోయిందనే అనుకున్న.

"తెలుగుల నాకు చెప్పొచ్చు గదమ్మా" అన్నరు.

"చెప్పినం సార్. పని వద్దంటున్నమని అనుకున్నరు మీరు. పని కాదు సార్, నడక వద్దంటున్నం" అన్న.

ఆ నెల తిరగకముందే గేటు కాడికి బస్సొచ్చింది. సార్, గా దినం చెప్పలేకపోయిన, ఇయ్యాల నలుగురిల చెప్తున్న, మీకు దండం. (చప్పట్లు)

ఉరికొచ్చి గీ ముచ్చట చెప్తే మేడం కండ్లు తుడుసుకున్నరు. ఎంటనే "'నాట్ అన్‌విల్లింగ్' ముందు 'వి ఆర్' పెట్టుంటే వాక్యం నిండుగా ఉండేది" అన్నరు. గసోంటి మనిషి.

మేడం, మీరు పోతుంటే నాకు ఏడుపొస్తది, గాని ఇయ్యాల ఏడువ. వచ్చే ఆదివారంకెళ్లి గీ క్లాసు నేను చెప్త; సూర్యారావు సార్ హాలు తాళంచెవి నాకే ఇచ్చిండ్రు. నాకు రాని మాటలే ఎక్కువ, అందరం కలిసి డిక్షనరీ చూస్తం. మా లైన్ల కొత్తగ చేరిన స్నిగ్ధ అప్పుడే పేరిచ్చింది. మీరొస్తే ఎనక బెంచీల కూసోండ్రి, తప్పు పోతే చెయ్యెత్తి చెప్పుండ్రి. చెయ్యెత్తకుంట మాత్రం సరిదిద్దనియ్య. (నవ్వులు)

ఓపికతోని ఇన్న మీ అందరికీ శనార్తులు. ఇగ మైకు ఇడుస్తున్న, సెలవు.