ప్రసన్నకుమార్ కంప్యూటర్లో కట్టిన ఇల్లు

మనిషి కుదురుగా కూర్చుంటే అబద్ధం కూడా చిన్నగానే ఉంటుంది. ఆ పొద్దున ప్రసన్నకుమార్ కుదురుగా కూర్చునే స్థితిలో లేడు.

ఎల్బీనగర్ చౌరస్తా పక్కన, దశరథ చాయ్ కొట్టు ముందు బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని ఒక కాలు ఊపుతున్నాడు. రెండోది తన వంతు కోసం చూస్తోంది. ఉద్యోగం మానేసి, చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ పైన గది తీసుకుని, ఆర్కిటెక్టుగా సొంత బోర్డు పెట్టి మూడు నెలలైంది. ఆ బోర్డు పేరు మీద ఇంతవరకూ ఒక్క గోడా లేవలేదు.

ఎదురుగా సత్యనారాయణ, ఆయన భార్య ఆండాలు. మన్సూరాబాద్‌లో తాతలనాటి నుంచి ఉన్నవాళ్లు. అక్కడే తమ రెండొందల గజాల జాగాలో ఇల్లు కట్టాలనుకుంటున్నారు. పదకొండింటికి మలక్‌పేటలో ఇంకో ఆర్కిటెక్టు ఉన్నాడు, ఆయన దగ్గరికి పోతూ పోతూ, చాయ్ తాగేంతసేపు నీ మాటా ఇంటామన్నారు. అంటే ప్రసన్నకుమార్ మొదటి ఇల్లు ఇప్పుడు రెండు చాయ్ గ్లాసుల్లో ఉంది. సత్యనారాయణ గ్లాసు అప్పుడే సగానికి దిగింది.

"చిన్న సంగతి చెప్తాను బాబాయ్ గారూ," అని మొదలెట్టాడు. "మేం ఉత్త గీతలు గియ్యం. ఇల్లు కట్టకముందే కంప్యూటర్లో మొత్తం కట్టేస్తాం, దాన్నే బిమ్ అంటారు. అందులో గోడంటే గోడే, దాని మందమెంతో, ఎన్ని ఇటుకలు పడతాయో, కడుపులో ఏ పైపుందో అన్నీ దానికి తెలుసు. దానికి ఏఐ తగిలిస్తాం. మొన్న వనస్థలిపురంలో ఒకాయన ఇంటికి పెడితే, పైఅంతస్తు బాత్రూం పైపు సరిగ్గా దూలం మధ్యలోంచి పోతోందని క్షణంలో పట్టేసింది. పైపు పక్కకి జరిపాం. దూలం బతికిపోయింది."

"మంచిదే," అన్నాడు సత్యనారాయణ.

ఇంతవరకూ చెప్పింది నిజం. పాత ఆఫీసులో అది జరిగింది కూడా. ఇక్కడ ఆగి ఉంటే ప్రసన్నకుమార్ గౌరవంగా ఇంటికెళ్లేవాడు. కానీ 'మంచిదే' అన్న మాటలో 'నీకే ఇస్తున్నా' అన్నది లేదు. ఆయన ఇంకో గుటకేశాడు. ప్రసన్నకుమార్ కాలు మార్చాడు.

"అక్కడితో ఆగిందనుకున్నారా? వంటింటి కిటికీ ఉత్తరానికి వద్దంది. ఏమే అంటే, పక్కింటావిడకి పోపు ఘాటు పడదు, రెండేళ్లలో మాటామాటా పెరుగుతుంది, అంది. కిటికీ మార్చాం. ఇప్పుడు వాళ్లిద్దరూ కలిసి ఆవకాయ పెడుతున్నారు."

"పక్కింటామెకు ఘాటు పడదని దానికి ఎవలు చెప్పిన్రు?" అంది ఆండాలు.

"అదేనండీ ఏఐ అంటే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పునాది దగ్గర మోడల్ ఆగిపోయింది. ఎంత నొక్కినా కదలదు. చూస్తే, నలభై అడుగుల లోతున చీమలపుట్ట. అందులో రాణి చీమకి నెలలు నిండాయట, పిల్లరు అటు జరపమంది."

దశరథ చాయ్ వడగడుతూ తల తిప్పకుండానే అడిగాడు. "కాన్పు మంచిగైందా సార్?"

"అయింది. తల్లీపిల్లలు క్షేమం," అన్నాడు ప్రసన్నకుమార్, ఆగితే పడిపోతానన్నట్టు. "ఇంకా వినండి. ప్రహరీ గోడ మూల గుండ్రంగా ఉండాలంది. ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు. గృహప్రవేశం నాడు, పంతులుగారు మంత్రం చదువుతుంటే, బాటసింగారం పండ్ల మార్కెట్టుకి పోయే బత్తాయి లారీ బ్రేకులు ఫెయిలై సందులోకొచ్చి, ఆ గుండ్రటి మూల వెంబడి జారుకుంటూ తిరిగి మళ్లీ హైవే ఎక్కేసింది. ఒక్క బత్తాయి కింద పడలేదు."

"నేనైతె జర పడనిస్తుంటి. జూస్ చేసుకుంటుంటి," అన్నాడు దశరథ.

సత్యనారాయణ నవ్వాడు. నవ్వుతూనే గడియారం చూసుకున్నాడు. గ్లాసులో ఇంకొక్క గుక్కే మిగిలింది. ప్రసన్నకుమార్‌కి ఇప్పుడు రెండు కాళ్లూ ఊగుతున్నాయి, బెంచీ కూడా.

"అసలు సంగతి చెప్పనే లేదు. ఇప్పుడు ఆ మోడలే నాకు ఫోన్ చేస్తుంది బాబాయ్ గారూ. మేస్త్రీ సిమెంటు రెండు బస్తాలు తక్కువ కలిపాడు, స్లాబు పొయ్యనివ్వలేదు నేను, అంటుంది. నిన్నటికి నిన్న నా నిద్ర చెడగొట్టడం ఎందుకని తనే మెట్లు కట్టేసుకుంది. భూమి మీద దానికి తెలియని అంగుళం లేదు. మీ ఇల్లు కూడా కట్టేశాను, చూడండి."

ల్యాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పాడు. నిజంగానే ముచ్చటగా ఉంది. తూర్పు ముఖం, ముందు వరస పిల్లర్లు, వాటి ముందు తులసికోట, కోట చుట్టూ ఆకుపచ్చ చీరలో ఒకావిడ ప్రదక్షిణ చేస్తోంది.

ఆండాలు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చాలాసేపు చూసింది. ప్రసన్నకుమార్ కాళ్లు ఆగిపోయాయి.

"మంచిగున్నది తమ్మీ. గీ కొలతలు యాడియి?"

"మీరు పంపిన డాక్యుమెంటులోవేనండీ. ముప్పై ఆరు, యాభై. సరిగ్గా రెండొందల గజాలు."

"జాగ కాడికి పోయినవా?"

"శాటిలైట్‌లోంచి..."

"నువ్వు పోయినవా అంటున్న."

ప్రసన్నకుమార్ తెర మీద తులసికోటని కాస్త పెద్దది చేసి చూపించాడు.

"పోయినేడు రోడ్డు పెద్దగ చేస్తే ముందట ఎనిమిదడుగులు పాయె," అంది ఆండాలు. "కాయితం మీద రెండొందలే, మేమూ నోటలవాటున రెండొందలే అంటం. నువ్వు పిల్లర్లు పెట్టింది మురికినీళ్ల మోరీల. ఇగ గీ తులసమ్మ చుట్టు తిరిగేది నేనే అయితె, నన్ను డాంబర్ రోడ్డు మీద ఆటోల మధ్యల తిప్పుతున్నవ్ బిడ్డా. నలభై అడుగుల కింద చీమ కడుపుతోని ఉన్నదని చెప్పిన దానికి, మీద రోడ్డు గనవడలేదా?"

దశరథ చాయ్ జల్లెడ పక్కన పెట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. సత్యనారాయణ ఆఖరి గుక్క తాగేసి గ్లాసు బోర్లించాడు.

ప్రసన్నకుమార్ ల్యాప్‌టాప్ మూశాడు. "పిన్నిగారూ, మెట్లు కూడా అది కట్టుకోలేదు," అన్నాడు మెల్లగా. "పైపు సంగతొక్కటే నిజం. అది కూడా పాత ఆఫీసులో."

"అది తెల్వకనా గింతసేపు కూసున్నం," అన్నాడు సత్యనారాయణ. "నడువ్ ఆండాలు, మలక్‌పేటాయన చూస్తుంటడు."

ఆండాలు లేవలేదు. "ఆయన గూడ జాగ మొఖం చూడలే. గా కాయితం చూసే గీసిండు. ఈ పిలగాడు తప్పైందని ఒప్పుకున్నడు, ఆయనతోని ఒప్పిచ్చుటానికి ఎంతసేపు పడతదో. తమ్మీ, టేపు ఉన్నదా?"

టేపు లేదు. దశరథ కొట్టు పక్కన హార్డ్‌వేర్ షాపులో కొనుక్కొచ్చాడు, పరుగున వెళ్లి పరుగున వచ్చాడు. పావుగంటలో ముగ్గురూ మన్సూరాబాద్ గల్లీలో, మోరీ అంచున ఉన్నారు. ఒక కొస ఆండాలు పక్కింటి గోడకి ఆనించి పట్టుకుంది. రెండో కొస ప్రసన్నకుమార్ చేతిలో, జాగా అవతలి మూల.

"పిన్నిగారూ," అని కేకేశాడు, కొత్త ఊపిరి పోసుకుని, "ఒకసారి ఇట్లాగే టేపు పట్టుకుని నేను నాగోలు నుంచి నడుస్తుంటే..."

"జర గట్టిగ గుంజి పట్టు తమ్మీ," అంది ఆండాలు. "టేపు సడలినకొద్దీ కొలత పెరుగుతది."