రెండో లైటు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను, రాయడం నెమ్మది. గని రెస్క్యూ జట్టు శిక్షణ గది ఊడుస్తూ ఈ మాటలు విన్నాను. కంప్యూటర్ గనిని కళ్లముందు చూపించే వీఆర్ కళ్లజోడు తీసిన కొత్తాయన్ని మాస్టారు నిలదీస్తున్నారు.

“ఆక్సిజన్ తగ్గగానే జట్టంతా వెనక్కి తిరిగింది. నువ్వొక్కడివే కూర్చున్నావేం?”

“బండ కింద ఆయన ఒంటరిగా ఉన్నాడు సార్.”

“అది కంప్యూటర్ బొమ్మయ్యా! కబుర్లు చెప్తావా దానికి?”

“బొమ్మనే వదల్లేకపోయాను, మనిషినెలా వదలను?”

“రేపు పరీక్షలోనూ ఇలాగే కూర్చుంటే జట్టులోంచి తీసేస్తారు. నిజం గనిలో కూర్చుంటే నీ కోసం వచ్చినవాళ్లూ పోతారు.”

“మీరెవర్నైనా వదిలొచ్చారా సార్?”

“వచ్చాను. మూడో సొరంగంలో ఒకాయన్ని. గని మనిషై ఉండి చీకటంటే భయమన్నాడు. నా చేతి లైటు ఆయన గుండెల మీద పెట్టి, మళ్లీ వస్తామని చెప్పాను. వెళ్లేసరికి ప్రాణం పోయింది.”

“లైటు?”

“వెలుగుతూనే ఉంది.”

“ఈ బొమ్మ గనిలో లైటు పెట్టే వీలుందా సార్?”

“లేదు. పెట్టించమని అడుగుతాను. నువ్వు మాత్రం వెనక్కి తిరుగు.”

“తిరుగుతాను సార్.”

మూడో సొరంగంలో పోయింది మా ఆయనొక్కడే. ఆయన సామానుతో నాకు రెండు లైట్లిచ్చారు. రెండోది ఎవరిదో ఇవాళ తెలిసింది.

ఇట్లు,
శిక్షణ గది ఊడ్చే పెద్దమ్మ, అరవై నాలుగేళ్లు. గని కాలనీ చివరి గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను.