వేషాల గదిలో ఇరవై రెండు డిగ్రీలు

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు. సాయంత్రం, చూడ్డానికి వచ్చేవాళ్ళని రానిచ్చే వేళ. మంచం మీద భార్య, స్టూలు మీద భర్త, పక్క మంచం మీద ఒక ముసలామె. భార్యాభర్తలిద్దరూ ఒకే వినోదాల పార్కులో పనిచేస్తారు. ఆమె జంతువుల వేషాలు వేస్తుంది. అతను ఏసీ మెకానిక్కు.

"ముందు ఈ పాలు తాగు. చల్లారిపోతున్నాయి."

"చల్లారనీ బావా. వేడి అంటేనే ఒళ్ళు మండుతోంది."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఒంట్లో నీళ్ళు ఇంకిపోయాయన్నాడు. ఇంకాసేపు ఆ తోలులో ఉండుంటే కిడ్నీలు పోయేవట."

"తోలేంటి, స్పాంజి కదా."

"లోపల నువ్వుంటే తెలిసేది, స్పాంజో తోలో."

"సరే, సరే. కోపం తెచ్చుకోకు. నేను చెప్పేది విను. రేపు పొద్దున లేబరాఫీసు నుంచి ఆఫీసరు వస్తాడట. మా ఇంజినీరుగారు చెప్పాడు. నిన్ను అడుగుతాడట."

"ఏమని?"

"ఎలా పడిపోయావని. నువ్వు నిన్న పొద్దున ఏమీ తినలేదు కదా?"

"తిన్నాను. నీ ఎదురుగానే తిన్నాను. నా కంచంలోంచి నువ్వూ తీసుకున్నావు."

"ఆ... ఏదో కొంచెం తిన్నావు."

"కడుపునిండా తిన్నాను."

"అబ్బా, అది కాదే. తినలేదని చెబితే అయిపోతుంది కదా. నీరసంతో పడిపోయింది, ఎవరి తప్పూ లేదు. నీ ఉద్యోగం ఉంటుంది, నా ఉద్యోగం ఉంటుంది. ఆసుపత్రి ఖర్చు సంగతి పార్కువాళ్ళే చూసుకుంటామన్నారు."

"గది సంగతి?"

"ఏ గది?"

"వేషాల గది బావా. మేం తలలు తీసి కాసేపు కూర్చునే గది. నిన్న పడిపోయే ముందు నేను కూర్చున్న గది."

"దానికేం? ఏసీ నడుస్తూనే ఉంది కదా. ఆఫీసులో తెర మీద ఇరవై రెండు చూపించింది. నువ్వు పడిపోయినప్పుడూ ఇరవై రెండే. అందరూ చూశారు."

"చూశారు. అందుకే ఒక్కరూ రాలేదు."

"ఏమ్మా, ఇరవై రెండంటే చలా, వేడా?"

"చలేం కాదు పెద్దమ్మా. హాయిగా ఉంటుంది."

"హాయిగా ఉంటే పడిపోవడమేమిటి?"

"మీరు పడుకోండి పెద్దమ్మా. మేం ఏదో మాట్లాడుకుంటున్నాం."

"పడుకునే ఉన్నానయ్యా, నన్ను ఇక్కడ చేర్పించిన దగ్గర్నుంచీ. మీరు కానివ్వండి. నాకేం వినపడదులే."

"నిన్న ఏం జరిగిందో నీకెవరు చెప్పారు బావా?"

"ఇంజినీరుగారే. ఆట మధ్యలో మెట్ల మీద జారావన్నాడు."

"నేను చెప్తా విను. ఊరేగింపు అయ్యాక గదిలోకి వచ్చి ఎలుగుబంటి తల తీశాను. లోపల బయటికంటే ఎక్కువ మండుతోంది. పెనం మీంచి తీసి పొయ్యిలో వేసినట్టు. కుందేలు నా మొహం చూసి హడలిపోయింది."

"కుందేలంటే ఆ పొడుగు పిల్లేనా?"

"అదే, దర్జీగారి కూతురు. చెవులు ఊపుకుంటూ ఆఫీసుకి పరిగెత్తింది. ఎలుగు కళ్ళు తేలేస్తోంది, ఎవరైనా రండి అందట. అక్కడ కూర్చున్నతను కుర్చీలోంచి లేవకుండా తెర చూశాడట. ఇరవై రెండుంది, నా గది కూడా ఇంత చల్లగా లేదు, నాటకాలు ఆటలో ఆడమను అన్నాడట. ఈలోగా రెండో ఆటకి గంట కొట్టారు. మళ్ళీ తల పెట్టుకుని వెళ్ళాను."

"ఎందుకెళ్ళావు? వెళ్ళకుండా ఉండాల్సింది."

"వెళ్ళకపోతే ఆ రోజు పనికి రానట్టే రాస్తారు. నీకు తెలీదా? మెట్ల మీద కాళ్ళు తేలిపోయాయి. దొర్లుకుంటూ వెళ్ళి కింద పడ్డాను. పిల్లలు చప్పట్లు కొట్టారు బావా."

"ఊరుకో."

"మళ్ళీ పడు, మళ్ళీ పడు అని అరిచారు. ఎలుగుబంటి పడితే నవ్వే కదా వచ్చేది. ఎవరి పిల్లో నా పొట్ట మీదెక్కి గెంతింది. మెత్తగా ఉందని వాళ్ళమ్మతో చెబుతోంది, నాకు వినపడుతూనే ఉంది. పిల్లల ముందు తల తీయకూడదని రూలాయె. కుందేలు నన్ను తెర వెనక్కి ఈడ్చుకెళ్ళేదాకా ఎవరూ తల మీద చెయ్యి వేయలేదు."

"పాలు తాగవే."

"తాగను."

"అసలు నువ్వెందుకు ఎలుగు వేశావు? నీది పెంగ్విన్. మంచు గుహలో చల్లగా ఉండాల్సినదానివి, ఎండలోకి ఎందుకొచ్చావు?"

"ఎలుగు వేసే అక్క రాలేదు. గదిలో ఊపిరాడట్లేదని, కళ్ళు తిరుగుతున్నాయని చెబుతూనే ఉంది పాపం. నేనే తనని మాటలన్నాను."

"నువ్వేమన్నావు?"

"మా ఆయన చూసుకునే గది అది, అందులో వేడేమిటి అన్నాను. ఎండలోంచి వచ్చినవాళ్ళకి ఏ గదైనా వేడిగానే ఉంటుంది అన్నాను. ఆ మాట నాదా? ఇంటికొచ్చి నిన్నడిగితే నువ్వు చెప్పిందే కదా. నీ మాట మోసుకెళ్ళి వాళ్ళ నోళ్ళు మూయించాను. ఆ అక్క ఇంక నాతో మాట్లాడలేదు. నిన్న రాలేదు. సరే, ఈ ఒక్కరోజు నేనే ఎలుగు వేస్తానన్నాను. అందరికీ చూపిద్దామని."

"ఏం చూపిద్దామని?"

"గది చల్లగా ఉందని."

"నాకొక్క మాట చెప్పి ఉండాల్సింది."

"చెబితే ఏం చేసేవాడివి?"

"వెళ్ళొద్దనేవాణ్ణి."

"ఎందుకు?"

"ఎండ కదా."

"ఎండ అనా, గది అనా?"

"ఏంటే ఈ లాయరు ప్రశ్నలు?"

"సెన్సరు ఎక్కడుంది బావా?"

"ఏ సెన్సరు?"

"గదిలో వేడెంతో తెరకి చెప్పేది. గోడ మీద చిన్న తెల్ల డబ్బా. డబ్బా అయితే ఉంది. మూత తీస్తే లోపల ఏమీ లేదట."

"మూత ఎవరు తీశారు?"

"చూశావా. డబ్బా ఎందుకు ఖాళీగా ఉందని అడగవు. మూత ఎవరు తీశారో కావాలి నీకు."

"అది కాదు..."

"కుందేలు తీసింది. పొద్దున వచ్చి చెప్పింది. లోపల ఉండాల్సింది లేదట, తీగ మాత్రం గోడలోంచి అవతలికి పోయిందట. అవతల ఏముంది? నువ్వే చెప్పు. ఏ తీగ ఎటు పోతుందో నీకు కొట్టినపిండి కదా."

"ఐస్‌క్రీము కొట్టు."

"కొట్టులో ఎక్కడ?"

"కౌంటరు పైన. మూల."

"కొట్టుకి వేరే ఏసీ ఉంది కదూ?"

"ఉంది."

"అంటే ఆ ఇరవై రెండు ఐస్‌క్రీము తినేవాళ్ళది. మాది కాదు."

"జ్వరం ఒకరికి, థర్మామీటరు పక్కవాడి నోట్లోనా? బాగుందయ్యా వైద్యం."

"మీకు వినపడదన్నారు కదా పెద్దమ్మా."

"అప్పుడప్పుడు వినపడుతుంది నాయనా. డాక్టరుకే అంతుపట్టట్లేదు."

"ఇంజినీరు చేయమన్నాడా బావా?"

"మెల్లగా మాట్లాడు. ఆయన ఆ గదికి చల్లగాలి వెళ్ళే డక్టు మూసేయమన్నాడు. అంతే. ఈ ఎండలకి మిషన్లు అందుకోలేకపోతున్నాయే. గుహలో మంచు కారి నేలంతా బురద. మంచని చెప్పి బురద చూపిస్తారా అని జనం గొడవ. క్యూ హాల్లో నిలబడ్డవాళ్ళు ఉక్కపోత అని గొడవ. ఎక్కడో ఒకచోట గాలికి కోత పెట్టాలి కదా. టిక్కెట్టు కొన్నవాళ్ళు అడుగుపెట్టని గది ఏదైనా ఉంటే దానికి ఆపెయ్ అన్నాడు. అలాంటిది అదొక్కటే ఉంది."

"ఆపితే తెర మీద ఎర్రగా వస్తుంది కదా."

"వచ్చింది. ఆ గది ఎందుకు ఎర్రగా ఉందని పైనుంచి రోజూ ఫోన్లు."

"అప్పుడు సెన్సరు మార్చమన్నాడు."

"పాల మీద మీగడ కట్టింది. తీసెయ్యనా?"

"బావా. సెన్సరు మార్చమన్నది ఆయనేనా?"

"ఆయనకి అంత ఆలోచన రాదు."

"అంటే?"

"నా బుర్రే. వానలు పడేదాకానే కదా, పడగానే మళ్ళీ తెరిచేద్దాం అనుకున్నా. లోపలున్నది మనవాళ్ళే, సర్దుకుంటారు అనుకున్నా. తెర మీద ఎరుపు పోయింది, ఫోన్లు ఆగాయి. ఇంజినీరు నా భుజం తట్టాడు. చేరిన దగ్గర్నుంచీ ఆ భుజం మీద బరువులు పెట్టినవాళ్ళే గానీ తట్టినవాళ్ళు లేరే."

"తట్టి ఊరుకున్నాడా?"

"ఏం కావాలో అడగమన్నాడు."

"ఏం అడిగావు?"

"ఇప్పుడెందుకు అదంతా?"

"ఏం అడిగావు బావా?"

"నిన్ను మంచు గుహకి మార్చమన్నాను."

"నన్నా?"

"నీకోసమే కదే. ఎండలో మాడిపోతున్నావని. ఆ గదిలో నువ్వు ఉండకూడదని."

"నా నడక బాగుందని పెంగ్విన్ ఇచ్చారన్నావు."

"నడకా బాగుంది."

"అందరికీ చెప్పుకున్నాను. మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను. కుందేలు ముచ్చటపడి నాకూ నేర్పవే అంటే, నేను గుమ్మంలో నిలబడి, దాన్ని ఆ మండే గదిలోనే అటూ ఇటూ నడిపించి నేర్పాను. అది చెమటలు కక్కుకుంటూ నేర్చుకుంది. వాళ్ళకి రావాల్సిన గాలి తెచ్చి నాకు పెట్టావన్నమాట."

"మొగుడన్నాక పెళ్ళాన్ని చూసుకోడా?"

"నిన్న పడిపోయింది కుందేలయితే?"

"అది వేరు."

"ఏం వేరు?"

"వేరంటే... వేరే, అంతే."

"నేను చెప్తా. అది పడిపోయుంటే, తెర మీద ఇరవై రెండుంది, నాటకమాడుతోంది అని నువ్వూ అనేవాడివి. ఇంటికొచ్చి నాకూ అదే చెప్పేవాడివి. నేను అన్నం వడ్డిస్తూ అవును బావా, ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు అనేదాన్ని. అవునా, కాదా?"

"అవును."

"గట్టిగా చెప్పు. నాకూ పెద్దమ్మలాగే అప్పుడప్పుడే వినపడుతోంది."

"అవునంటున్నానుగా. అనేవాణ్ణి."

"వేళ అయిపోయింది. మగవాళ్ళంతా బయటికెళ్ళాలి."

"కాసేపు సిస్టర్. ఇప్పుడే వెళ్ళిపోతా."

"అందరూ అదే అంటారు. ఈ పాలేంటి, ముట్టుకోనే లేదు?"

"తాగిస్తానండీ."

"నేను ఆ చివరి మంచం దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి మీరు ఇక్కడ ఉండకూడదు."

"అలాగేనండీ... ఇలా చూడు. నిన్న నిన్ను లోపలికి తీసుకెళ్ళాక బయట వరండాలో కూర్చున్నాను. ఉడికిపోతోంది. పైన ఏసీ ఉంది, గాలి రావట్లేదు. ఎవడు మూశాడురా దీన్ని, వీడి ఇంట్లోవాళ్ళెవరూ ఇక్కడికి రారా అని తిట్టుకున్నాను. తిట్టాక ఆ తిట్టు నాకే తగిలింది. ఇందాక నిన్ను తినలేదని చెప్పమన్నానే, ఆ మాట దారంతా నెమరేసుకుంటూ వచ్చాను. నీ ముందు అంటుంటే నాకే వెగటుగా ఉంది."

"అయినా అన్నావు."

"అన్నాను. ఇంక అనను. ఆఫీసరుకి నేనే చెప్తా."

"ఏం చెప్తావు?"

"డక్టు మూసింది నేను, సెన్సరు గోడ దాటించింది నేను. ఇంజినీరుకి తెలుసు. కుందేలు చెప్పింది అక్షరాలా నిజం. ఇదే చెప్తా. ఉద్యోగం పోతే పోనీ. చేతిలో పనుంది, ఇళ్ళల్లో ఏసీలు బాగుచేసుకుని బతకలేమా? కేసు పెడితే పెట్టనీ."

"బావా..."

"నువ్వేమీ కల్పించక్కర్లేదు. తిన్నానని చెప్పు, గది మండిపోయిందని చెప్పు. ఉన్నది ఉన్నట్టు. మిగతాది నేను చూసుకుంటా. ఎందుకే గోడ వైపు తిరుగుతావు? చెప్తానన్నాను కదా. ఇంకేం కావాలి నీకు?"

"ఈ మాట నువ్వు అనవనుకున్నాను."

"అన్నాను కదా ఇప్పుడు. రేపు పొద్దున అతను వచ్చేసరికి నేను ఇక్కడే, ఈ స్టూలు మీదే ఉంటా."

"ఆఫీసరు ఇవాళ మధ్యాహ్నమే వచ్చి వెళ్ళాడు బావా. గది చల్లగానే ఉంది, నేనే తినకుండా వెళ్ళానన్నాను. కుందేలు నా కాళ్ళ దగ్గర నిలబడి, కాదండీ, గది మండిపోతోంది, నేనే మూత తీసి చూశాను అంది. దానికి పెంగ్విన్ వేషం రాలేదని నా మీద ఏడుపండీ, దాని మాట నమ్మకండి అన్నాను."